లిఫ్టులో మేనేజరు గారు

ఏమండీ,

అన్నం హాట్‌బాక్సులో ఉంది. పాపని నాలుగింటికల్లా నిద్ర లేపండి, లేకపోతే రాత్రికి మన నిద్ర గోవిందా. బండి తాళం మేకుకే ఉంది, నేను బస్సులో వెళ్తున్నాను.

ఆదివారం పూట కూడా అర్జంటని పిలిచారు. మా ఆఫీసు లిఫ్టే రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయిందట. లోపల ఉన్నదెవరనుకున్నారు? సాక్షాత్తూ మా మేనేజరు గారు! ప్రాణానికేం ఫర్వాలేదు. లైటూ ఫ్యానూ పనిచేస్తూనే ఉన్నాయి, అరవడానికి చేతిలో ఫోనుంది.

సెలవు రోజు పిలిపించిన నాలాంటి లిఫ్టు మెకానిక్కుకి పెట్రోలు డబ్బులు ఇవ్వక్కర్లేదనీ, దారిలో పట్టే టైము పని కింద రాదనీ కాగితం మీద సంతకం పెట్టింది ఆయనే. అందుకే తీరిగ్గా జడ వేసుకుని బయల్దేరుతున్నా. రెండు బస్సులు మారాలి. లిఫ్టు తలుపు తెరవాలంటే ఇద్దరం ఉండాలని నెత్తీ నోరూ కొట్టుకున్నా వినకుండా, నాతో వచ్చే మనిషిని తీసేసిందీ ఆయనే. ఇప్పుడా రెండో మనిషి కోసం లోపల్నుంచి ఆయనే ఫోన్లు చేసుకుంటున్నారు.

పోయిన నెల మీరు జ్వరంతో మూలుగుతుంటే నన్ను లాక్కెళ్లి సాయంత్రం దాకా వదల్లేదు. మీ నుదుటి మీద తడిగుడ్డ వేసింది ఆరేళ్ల పాప. అది నేను మర్చిపోలేదు.

తా.క. ఇంకెంతసేపని ఆయన మీకు ఫోన్ చేస్తే, నన్ను పిలిచిన ప్రతిసారీ ఆయన అనే మాటే చెప్పండి: "పది నిమిషాల పనే కదా, ఎందుకంత కంగారు?"