దిబ్బ మీది కేక

అల్లుడు ధనరాజ్‌కి,

ఫోన్ చేస్తే నవ్వేస్తావని ఉత్తరం రాస్తున్నాను. మన పాటలోంచి నా కేక తీసెయ్యండి. ఇవాళే తీసెయ్యండి. "అది లేపోతే పాటేటుంటాది మావా" అంటావు, తెలుసు.

నువ్వూ ఈశ్వరూ ర్యాప్ చేసి, మధ్యలో మన ఊరిది ఏదైనా పాడమన్నారు. ముప్ఫై ఏళ్లు విశాఖ హోటళ్లలో గిటారుతో రాక్ పాడినవాణ్ణి, అయినా ఆ కేక కంటే గట్టిది నా దగ్గర లేదనిపించింది. చేపల వేటకెళ్లిన పడవ తిరిగి రాకపోతే ఆ ఇంటి ఆడమనిషి ఇసుక దిబ్బెక్కి మూడుసార్లు వేసే కేక అది. వినగానే తింటున్న కంచం వదిలేసి అందరూ పడవలు దించాలి. ఉత్తినే వెయ్యకూడదని తెలిసే వేశాను. మీరు చప్పట్లు కొట్టారు.

కోటి మంది విన్నారని మురిసిపోయాం. ఇప్పుడు ఆటోల్లో, పెళ్లి ఊరేగింపుల్లో, మన ఊళ్లో ప్రతి ఫోన్‌లో అదే మోగుతోంది.

నిన్న పొద్దున్న గంగులు పడవ రాలేదు. వాడి పెళ్లాం మరిడమ్మ దిబ్బెక్కి మూడుసార్లు కేకేసింది. ఎవరూ కదల్లేదు. చివరికి ఇంటింటికీ వచ్చి తలుపులు బాదింది. "ఒరే, పాట కాదురా, నేనేరా!" అంటూ ఏడ్చింది. మా పడవలు నీళ్లలో దిగేసరికి గంట దాటింది. గంగులు ఇంకా దొరకలేదు.

నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. వాళ్లకి తెలియనిది ఒకటుంది. దిబ్బకి అందరికంటే దగ్గరిల్లు నాదే. ఆ కేక ముందు నాకే వినపడింది. టీ తాగుతూ, మన పాటే అనుకుని నేనూ గొంతు కలిపాను.

నీ మావ