మేనమామ కత్తి దూసిన సాయంత్రం

బేతంచెర్ల,
బుధవారం.

అన్నకు నమస్కారాలు.

నేను బాగున్నాను. కిందటి ఉత్తరంలోనూ ఇదే రాశాను గాని, అది అలవాటుగా రాసిన మాట. ఈసారి నిజంగానే బాగున్నాను. నాన్నకు దగ్గు తగ్గిందా? అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? అవ్వ నన్ను తలుచుకుని కళ్లు తుడుచుకోవడం మానిందా? అందరి సంగతీ రాయి.

ముందు అసలు విషయం. ఈ ఆదివారం వచ్చి నన్ను కడపకు తీసుకుపొమ్మని రాశాను కదా. అందుకోసం రావద్దు. ఎందుకో చివరిదాకా చదివితే తెలుస్తుంది. సగంలో ఆపి నాన్నకు చెప్పకు.

నా బాధ నీకు తెలిసిందే. ఇక్కడి ఆడపిల్లల బడిలో పాఠం చెబితే నా గొంతు మూడో వరుస దాటేది కాదు. కాన్వెంటులో చదివేటప్పుడు మెల్లగా మాట్లాడినందుకు సిస్టర్లు నన్ను మెచ్చుకునేవారు. ఇక్కడ అదే తప్పయింది. బడి పక్కనే నాపరాళ్లు చెక్కే షెడ్డు. ఉలి దెబ్బలకు నా పాఠం ఎవరికీ వినపడేది కాదు, వెనక పిల్లలు గచ్చకాయలు ఆడుకునేవారు. పెద్ద టీచరమ్మ నన్ను పిలిచి, "సదువు శానా ఉండాది గాని గొంతు లేదమ్మా నీకు. ఈ నెల సూస్తా, ఆపైన నేనేం చేసేది లేదు" అన్నారు. ఆ రోజే నీకు రాశాను. రాసి పోస్టులో వేసి వచ్చి, బాలమ్మక్క పెట్టిన జొన్నరొట్టె కూడా తినలేకపోయాను. బాలమ్మక్క అంటే నేను అద్దెకుంటున్న ఇంటామె. ఆమె భర్తదే ఆ రాళ్ల షెడ్డు.

నన్నట్లా చూడలేక ఆమె శనివారం సాయంత్రం సినిమాకు లాక్కుపోయింది. స్టేషను అవతల బయల్లో ఒక సాయిబు డేరా వేశాడు. లోపల మధ్యలో తడిక, ఇటు ఆడవాళ్లు, అటు మగవాళ్లు. నేల టికెట్టువాళ్లు మన కడపలో ఇసుక కుప్ప చేసుకుని ఎత్తుగా కూర్చుంటారు కదా, ఇక్కడ అలా కాదు. ఎవరి బండ వాళ్లకుంది. షెడ్డులో మిగిలిన నాపరాతి ముక్క ఒకటి తెచ్చి వేసుకుంటే, డేరా ఉన్నన్నాళ్లూ ఆ చోటు వాళ్లదే. ఇంకొకరు కూర్చోరు. బండ లేని నేను బాలమ్మక్క బండ అంచు మీద ఒదిగి కూర్చున్నాను.

రావలసిన తెలుగు సినిమా రీళ్ల పెట్టె రైల్లో రాలేదట. దాని బదులు ఇంకేదో పెట్టె దిగింది. తీరా చూస్తే ఇంగ్లీషు సినిమా. కాని అన్నా, అది మనకెంత ఇష్టమైన రకమో! వెనకటి కాలపు కోటలు, ఇనుప చొక్కాల రౌతులు, రాజును చంపి గద్దెనెక్కిన తమ్ముడు, అడవిలో దాక్కుని దండు కూర్చుకునే వీరుడు. చిన్నప్పటి నీ చీపురుపుల్ల కత్తి, గండికోట గోడ మీద నువ్వు చేసిన యుద్ధం గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను.

నాకు ఇంగ్లీషు వచ్చునని బాలమ్మక్క ఊరికే ఉండక చుట్టుపక్కలందరికీ చెప్పింది. ఇక ప్రశ్నలే ప్రశ్నలు. కత్తులెందుకు దూశారని ఎవరూ అడగరు. ఎవరికి ఎవరు ఏమవుతారు, అదే కావాలి వాళ్లకు. వీరుడూ రాకుమార్తె ఒకే కోటలో పెరిగినట్టు చూపించారు. "ఆయమ్మకు ఈయప్ప ఏమైతాడు?" అని నా వెనక ఒక ముసలామె పొడిచి పొడిచి అడిగింది. ఆమె నోరు ఆగితే చాలనుకుని అన్నాచెల్లెళ్లని చెప్పాను. ఆ మాట బండ నుంచి బండకు పాకి ఆడవాళ్లందరికీ చేరింది.

కొంతసేపటికి తోటలో వీరుడు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని వేలికి ఉంగరం తొడిగాడు. డేరా ఒక్కసారిగా భగ్గుమంది. "తోడబుట్టినదానికి ఉంగరం తొడుగుతాడా? థూ, ఏం సినిమా తెచ్చినావు సాయిబూ" అని ముసలామె లేచింది. ఆమెతో పదిమంది లేచారు. తల్లులు పిల్లల కళ్లు మూశారు. సాయిబు లాంతరు పట్టుకుని పరుగెత్తుకొచ్చి బతిమాలుతున్నాడు. బాలమ్మక్క నావైపు తిరిగి, "నువ్వే గదమ్మా సెప్పింది" అంది.

నాకు ఏమైందో తెలియదు. లేచి నిలబడ్డాను. ఉలి దెబ్బలను కూడా దాటేంత గొంతుతో అరిచాను.

"అన్న కాదు, మేనమామ. ఆయమ్మ తల్లికి తమ్ముడు."

లేచినవాళ్లంతా నావైపు తిరిగారు.

ముసలామె తీరుబడిగా కూర్చుని, "అట్ల సెప్పు మొదుట్నే. వరసైనోడే గదా. కూసోండి, కూసోండి" అంది. తడిక అవతలినుంచి ఒక మగగొంతు, "ఏమప్పా, దొరలు గూడా మేనమామకే ఇస్తారంట పిల్లను. మనోళ్లే" అంది. అటూ ఇటూ నవ్వులే. ఆ నవ్వుల్లోనే ఇంకెవరో, "టీచరమ్మా, ఇట్లనే గెట్టిగా సెప్పు, మాకూ ఇనపడల్ల" అన్నారు.

నిలబడిన దాన్ని ఇక కూర్చోలేదు. తడిక దగ్గర నిలబడి కథంతా చెప్పాను. మెట్ల మీద కత్తియుద్ధం వచ్చినప్పుడు, గండికోటలో నువ్వు చెప్పిన డైలాగులన్నీ వీరుడి నోట పెట్టాను. "మామా, ఎనక సూడు" అని ఆడవాళ్లందరూ అతన్ని హెచ్చరించారు. దొంగరాజు కందకంలో పడగానే ముసలామె నా చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకుంది. వాళ్లిద్దరూ నిజంగా ఏమవుతారో ఆ సినిమాలో ఎక్కడా చెప్పలేదు. నాకైతే ఇప్పుడు మేనమామ అనే నమ్మకం కుదిరింది.

సోమవారం బడికి పోతే వెనక వరుసలో గచ్చకాయలు లేవు. మామ కథ చెప్పమని పిల్లలు పట్టుబట్టారు. ముందు లెక్కలు, తర్వాత మామ అన్నాను, శనివారం నాటి గొంతుతోనే. లెక్కలు ముగించి తలెత్తేసరికి పెద్ద టీచరమ్మ వసారా ఆ చివర నిలబడి ఉన్నారు. దగ్గరికొచ్చి, "ఇన్నాళ్లు ఈ గొంతు యాడ పెట్టుకోనుంటివమ్మా?" అన్నారు. నెల గడువు మాట మళ్లీ ఎత్తలేదు.

అందుకే నన్ను తీసుకుపోవడానికి రావద్దంటున్నాను. ఆదివారం రావడం మాత్రం మానకు. తెలుగు సినిమా పెట్టె దిగిందట, నిండా కత్తియుద్ధాలేనని సాయిబు చెప్పాడు. వచ్చేటప్పుడు నా అల్మరాలో ఉన్న రౌతుల కథల పుస్తకం, అమ్మ చేసే చెనిక్కాయల ఉండలు తీసుకురా. ఇక్కడ ఎండ శానా ఎక్కువ, తలకు తువ్వాలు చుట్టుకో. చూశావా, నాకూ శానా అలవాటైపోయింది. నేను బాగా తింటున్నానని అమ్మకు రెండుసార్లు చెప్పు, ఒకసారి చెబితే నమ్మదు.

ఇంకొక మాట. నిన్న సాయంత్రం బాలమ్మక్క భర్త నాకోసం ఒక నాపబండ అంచులు నునుపు చేసి, డేరాలో వాళ్ల బండ పక్కనే వేశాడు. మగవాళ్ల వైపు నీకూ ఒకటి వేస్తానని, ఎంత వెడల్పు కావాలో కనుక్కోమన్నాడు. ఇక నన్ను కడపకు తీసుకుపోవాలని నాన్న అంటే, ముందు ఆ బండను లేపాలని చెప్పు. నేను రెండు చేతులా పట్టుకుని చూశాను. కదల్లేదు.

అమ్మకు, నాన్నకు, అవ్వకు పాదాభివందనాలు. వాళ్ల ఆశీస్సులు నీతో పంపమను.

నీ చెల్లెలు,
వసుంధర