అంజూర కొమ్మ ఒప్పుకోలు

ఫాల్ రివర్, మసాచుసెట్స్,
ఏప్రిల్ 9.

నమ్మకస్థ ప్రయాణికుల పథకపు పునఃపరిశీలనాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: శ్రీమతి దియోలిందా అరూదా (వయస్సు 73) గారికి ఓడరేవు సుంకాల తనిఖీ వద్ద శీఘ్రమార్గపు కార్డును నిరాకరించిన ఉత్తర్వును మరల పరిశీలించుట గురించి.

సూచిక: కిందటి అక్టోబరులో తమ కార్యాలయం నుంచి అందిన ఉత్తరం.

సదరు దియోలిందా గారి మనవరాలినైన నతేర్సియా ఫుర్తాదో అను నేను సవినయముగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. అర్జీలో పేర్కొన్న వ్యక్తి మా అమ్మమ్మ. నన్ను పెంచింది ఆమే. పంతొమ్మిదో ఏట పోర్చుగల్‌కు చెందిన ఫయాల్ దీవి నుంచి ఈ దేశానికి వచ్చి, ముప్పై ఒక్క సంవత్సరాలు కర్టెన్లు కుట్టే మిల్లులో పనిచేసింది. ఆమె మీద ఎన్నడూ ఏ కేసూ లేదు. ఊరి గ్రంథాలయంలో తీసుకున్న పుస్తకాన్ని ఒక్కరోజు ఆలస్యంగా తిరిగిచ్చిన దాఖలా కూడా లేదు. ఆ గ్రంథాలయంలో ఉద్యోగినిని గనుక ఈ సంగతి నేనే ధ్రువీకరించగలను.

2. ఆమె అక్క శ్రీమతి లియోపోల్దీనా సిల్వేరా, వయస్సు 76, మా పక్క వీధిలో ఉంటుంది. నేను పెద్దమ్మమ్మ అంటాను. తమ పథకపు కార్డు ఆమెకు నాలుగేళ్లుగా ఉంది. అక్కచెల్లెళ్లిద్దరూ ఏటా మే నెలలో బోస్టన్ నుంచి ఓడలో బెర్ముడా వెళ్లి వస్తారు. అమ్మమ్మ విమానం ఎక్కదు. ఈ దేశానికి వచ్చేటప్పుడు ఒకసారి ఎక్కాను, చాలు అంటుంది. బెర్ముడా మా దీవి కాదు. "అయినా దీవే కదా" అంటారు ఇద్దరూ. నేల కనబడగానే కమ్మీలు పట్టుకుని నిలబడి, మా ఊరి కొండ సముద్రం మీద నుంచి ఎలా కనబడేదో ఒకరికొకరు చెప్పుకుంటారు. ఇద్దరికీ తెలిసినదే చెప్పుకుంటారు.

3. కిందటి మే నెల ప్రయాణంలో నేనూ వెంట వెళ్లాను. తిరిగి బోస్టన్‌లో దిగినప్పుడు తనిఖీ హాలులో రెండు వరసలున్నాయి. కార్డున్న వారి వరసలో నలుగురు. మా వరస మెట్ల దాకా ఉంది. కార్డు ఎవరికి వారికే చెల్లుతుందనీ, ఒకరి కార్డు మీద రెండోవారు వెళ్లరాదనీ అక్కడ రాసి ఉంది. ఆ నిబంధన మీద నాకు ఫిర్యాదు లేదు.

పెద్దమ్మమ్మ కార్డును మెడలో వేలాడదీసుకుంది.

"ఏమే దియో, నువ్వు ఆ మందలో పడి మెల్లిగా రా. నేను బయట కాఫీ తాగుతుంటాను."

"వెళ్లమ్మా వెళ్లు, మహారాణీ. నీ పెట్టె కూడా నన్నే లాక్కురమ్మంటావు, అంతేగా?"

"నమ్మకస్తులు పెట్టెలు మొయ్యరే."

"నీ నమ్మకం తగలెయ్య. కాఫీలో చక్కెర వేసుకోకు, డాక్టరు తిట్టాడు."

"నువ్వొచ్చేలోగా రెండు చెంచాలేస్తా. ఎవరు చూస్తారు?"

కెమెరా ముందు ఒక క్షణం నిలబడి, పెద్దమ్మమ్మ అవతలికి వెళ్లిపోయింది. మధ్యలో గాజు తలుపు ఉంది. దాటినవారు వెనక్కి రాకూడదు.

4. గంట గడిచింది. మాకూ గాజు తలుపుకూ మధ్య ఇంకా ముప్పై మంది ఉండగా, అవతల బెంచీ మీద పెద్దమ్మమ్మ పక్కకు ఒరగడం అమ్మమ్మ చూసింది. సామాన్లు మోసే ఒకాయన పరుగున వచ్చి ఆమె తల పట్టుకున్నాడు. ఆమె ఆయనతో ఏదో మాట్లాడుతోంది. మాకు పెదవులు కనబడుతున్నాయి, మాట వినబడదు. తలుపు దగ్గరి అధికారి వద్దకు నేను వెళ్లాను. నాకు గట్టిగా మాట్లాడడం రాదు. రెండుసార్లు చెప్పాక ఆయనకు వినబడింది. ఆయన వెంటనే వైర్‌లెస్‌లో వైద్యులను పిలిచాడు, అమ్మమ్మకు కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె కూర్చోలేదు. పదకొండు నిమిషాల్లో మమ్మల్ని వేరే దారిన బయటికి పంపించారు. ఆ పదకొండు నిమిషాల వల్ల వైద్యంలో తేడా రాలేదని ఆస్పత్రిలో చెప్పారు. అందులో ఎవరి తప్పూ లేదు.

మేము చేరేసరికి పెద్దమ్మమ్మకు మాట పడిపోయింది. ఆమె చివరగా ఏం చెప్పిందని సామాన్లాయనను అమ్మమ్మ అడిగింది. ఆయనకు పోర్చుగీసు రాదు. "నాకు తెలియలేదమ్మా. చాలాసేపు చెప్పింది. నవ్వుతూ చెప్పింది" అన్నాడు. పెద్దమ్మమ్మ పూర్తిగా పలికిన ఆఖరి వాక్యం అదే. అది ఏమిటో ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఆమెకు పది పన్నెండు మాటలు మిగిలాయి. ఆ వాక్యం వాటిలోకి పట్టదు.

5. పై కారణం చేత అమ్మమ్మ తమ పథకానికి దరఖాస్తు చేసుకుంది. తొందరగా బయటపడాలని కాదు. ఆ తలుపు దగ్గర అక్క పక్కన ఉండాలని. సెప్టెంబరులో ఇంటర్వ్యూకు పిలిచారు. అధికారుల ముందు ఆమెకు ఇంగ్లీషు నోట రాదు గనుక, అనుమతి తీసుకుని నేను దుబాసీగా కూర్చున్నాను. ఇంటర్వ్యూ చేసిన యువ అధికారి మర్యాదస్థుడు. అంతా సాఫీగా నడిచింది. చివరి ప్రశ్నగా, ఎప్పుడైనా ఏ వస్తువునైనా చెప్పకుండా దేశంలోకి తెచ్చారా అని అడిగాడు.

అమ్మమ్మ నావైపు తిరిగింది. "ఎప్పుడైనా అంటే ఎప్పటినుంచట?"

"మొదటినుంచి అమ్మమ్మా."

ఆమె చేతులు రెండూ బల్ల మీద పెట్టింది. "అయితే చెప్పు. వచ్చేటప్పుడు కోటు అస్తరు విప్పి, లోపల అంజూర కొమ్మ పెట్టి కుట్టాను. ఒక కొమ్మ. మొక్కలేమైనా ఉన్నాయా అని అడిగితే లేవన్నాను."

"ఏమంటున్నారు?" అన్నాడు అధికారి, కలం పట్టుకుని.

అయ్యా, ఈ అర్జీలో నా సొంత మనవి ఇదొక్కటే. ఆయనకు పోర్చుగీసు రాదు. "లేదంటోంది" అని నేను ఒక్క మాట అంటే సరిపోయేది. మా మఠం బడిలో సిస్టర్ ఇమాకులాదా, పరులకు నీళ్లు మోసేవాళ్లు దారిలో తాగకూడదు, ఒలకబొయ్యకూడదు అనేవారు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కలం ఆగింది. ఏ సంవత్సరమని అడిగాడు. 1970 అన్నాను. "ఇది నేను రాయక తప్పదు" అన్నాడు. ఆయనకూ అది రాయాలని లేదని నాకనిపించింది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో అమ్మమ్మ, "ఒకటనే చెప్పావు కదా?" అంది. "అవునమ్మమ్మా, ఒకటి" అన్నాను.

6. అక్టోబరులో తమ ఉత్తరం వచ్చింది. అర్జీదారును తక్కువ ముప్పు గల వ్యక్తిగా పరిగణించలేమని అందులో ఉంది. చదివి వినిపించమంటే వినిపించాను.

"అంటే నేను ముప్పునా?"

"కాదమ్మమ్మా. వాళ్లు అందరికీ అలాగే రాస్తారు."

"గుళ్లో ఫాదరైతే నాలుగు జపాలు చెప్పుకోమని పంపేసేవాడు. ఈయన శిక్షా వెయ్యలేదు, క్షమించనూ లేదు. నన్ను నడిమధ్యలో వదిలేశాడు."

సదరు అంజూర కొమ్మ యాభై మూడేళ్లుగా మా పెరట్లో చెట్టుగా ఉంది. మా దీవి చెట్టు ఇక్కడి మంచుకు తట్టుకోదు గనుక, ఏటా నవంబరులో అమ్మమ్మ దాని కొమ్మల్ని దగ్గరికి లాగి తాళ్లతో కట్టి, పాత తివాచీ చుట్టి, పైన బక్కెట్టు బోర్లించేది. పెద్దమ్మమ్మ దానికి "మఠం పెద్దమ్మగారు" అని పేరు పెట్టింది. మా కిటికీలోంచి చూస్తే అచ్చం ముసుగేసుకున్న సిస్టర్ లాగే ఉంటుంది.

కిందటి నవంబరులో నేను తివాచీ బయటికి తెచ్చాను.

"లోపల పెట్టెయ్" అంది అమ్మమ్మ.

"రేపు మంచు పడుతుందట అమ్మమ్మా."

"పడనీ. దొంగసొత్తుకు దుప్పటెందుకు?"

మర్నాడు పొద్దున్నే పక్క వీధికి వెళ్లి, పెద్దమ్మమ్మ పెరట్లో ఉన్న అంజూర చెట్టును మాత్రం ఎప్పటిలాగే కట్టి, కప్పి వచ్చింది.  మా చెట్టు చలికాలమంతా కిటికీ ముందు కప్పు లేకుండానే నిలబడి ఉంది. కిందటి వారం కొమ్మను గోటితో గీకి చూశాను. బెరడు కింద పచ్చదనం లేదు. వంచితే విరిగింది.

7. ఈ సెప్టెంబరులో ఓడ ఎక్కవచ్చునని పెద్దమ్మమ్మకు డాక్టరు చెప్పాడు. వచ్చే ఏడాది సంగతి అడిగితే, ఈ ఏడాదే వెళ్లి రమ్మన్నాడు. ఆమె కుడిచేయి పనిచేయదు, నాలుగడుగులకు మించి నడవలేదు, అయినా ప్రయాణపు కాగితాలను దిండు కింద పెట్టుకుంది. చెల్లెలు లేకుండా ఆమె కదలదు. చెల్లెలు రానంటోంది. "నమ్మకూడని మనిషినని కాగితం ఇచ్చారు. ఆ గడప మళ్లీ ఎలా తొక్కను? అక్కను ఆ తలుపు దాటించి, నేను మళ్లీ ఇవతల నిలబడాలా?" అంటోంది.  దీనికి జవాబు తమ దగ్గర ఉందేమోనని ఈ అర్జీ.

కావున తమను ప్రార్థించునది:

(అ) ఆనాటి కొమ్మను, ఆనాటి పంతొమ్మిదేళ్ల వయసును, దానిని తనంతట తానే ఒప్పుకున్న సంగతిని లెక్కలోకి తీసుకుని పై ఉత్తర్వును మార్చగలరు.

(ఆ) అది వీలుపడని పక్షంలో, ఆమెకు ఏదైనా ఒక శిక్ష విధించగలరు. రేవులో నేల తుడవమన్నా తుడుస్తుంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు గనుక సగం నేను తుడుస్తాను. శిక్ష పూర్తయిన పిమ్మట, ఈ వ్యవహారం ముగిసినదని ఒక్క వాక్యం తమ ముద్రతో రాసి పంపగలరు.

(ఇ) పై రెండింటిలో ఏదైనను, ఓడ బయలుదేరే సెప్టెంబరు 8వ తేదీ లోపల దయచేయగలరు.

పెద్దగా చెప్పలేక రాసుకున్న ఈ మనవిని, చిన్నగా ఉందని పక్కన పెట్టక, చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
నతేర్సియా ఫుర్తాదో

తాజా కలం: అర్జీని టపాలో వేసే ముందు వాళ్లిద్దరికీ చదివి వినిపించడం ధర్మమనిపించింది. నిన్న ఆదివారం, పూజ అయ్యాక, పెద్దమ్మమ్మ వంటింట్లో ఆకుకూర సూపు తాగుతూ చదివాను. ఐదో అంశంలో "ఒక కొమ్మ" అన్నచోట పెద్దమ్మమ్మ ఎడమచేయి ఎత్తింది. రెండు వేళ్లు చూపించింది.

"రెండు" అంది.

"నువ్వు ఊరుకో అక్కా" అంది అమ్మమ్మ.

"రెండు." ఈసారి ఆ వేళ్లతోనే కిటికీలోంచి తన పెరటి వైపు చూపించింది. అక్కడ తివాచీ విప్పిన అంజూర చెట్టు కొసలకు చిగురు వేస్తోంది.

అమ్మమ్మ చెంచా కింద పెట్టింది. "రెండోది నువ్వొచ్చేదాకా రెండేళ్లు డబ్బాలో పెంచి నీకిచ్చాను. ఒప్పుకుంటాను. అదీ చెబితే నీ కార్డు పీకేస్తారు కదక్కా. అందుకే ఒకటన్నాను. దేవుడి ముందు అన్నట్టే అన్నాను, అబద్ధం." అని ఒళ్లోని వంటగుడ్డతో ముఖం కప్పుకుంది. చలికాలమంతా ఆమె ఏ తప్పుకు శిక్ష వేసుకుందో నాకు అప్పుడు తెలిసింది.

పెద్దమ్మమ్మ ఇంట్లోనూ మెడలోనే ఉంచుకునే కార్డును ఎడమచేత్తో తీయబోయింది. తాడు చెవికి తట్టుకుంటే నేను సాయం చేశాను. కార్డును సూపు గిన్నె పక్కనుంచి నా వైపు తోసింది. "పో" అంది, దానితో. తర్వాత చెల్లెలి చేయి మీద కొట్టింది. "దియో. ఇద్దరం. వరస." ముఖంలో ఒక పక్కే నవ్వింది.

అమ్మమ్మ ముఖం మీది గుడ్డ తీసి, "నా ప్రయాణపు నల్లకోటు తీసి ఎండలో వెయ్యవే" అంది నాతో.

కాబట్టి, అయ్యా, పైన రాసిన (అ), (ఆ), (ఇ) ప్రార్థనలను ఉపసంహరించుకుంటున్నాను. కొమ్మలు రెండు. రెండోది ఎలా వచ్చిందో పెద్దమ్మమ్మకు ఆనాడే తెలుసు. ఆమె కార్డును ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. వాళ్లు చెప్పినదాంట్లో ఏది వదిలెయ్యాలో నాకు ఈసారి కూడా తెలియలేదు.

సెప్టెంబరు 15న బోస్టన్‌లో తిరిగి దిగినప్పుడు ముగ్గురం మామూలు వరసలోనే వస్తాము. అది మెట్ల దాకా ఉన్నా అభ్యంతరం లేదు. వీలైతే ఆ వరసలో రెండు కుర్చీలు ఇప్పించవలెను. అవి పక్కపక్కనే ఎందుకుండాలో నాలుగో అంశంలో మనవి చేసుకున్నాను.