లలిత చదవబోయే కాగితాలు

ఏమండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇది చదవరని తెలిసినా మీకే చెప్పుకోవాలి.

మన మనవరాలు లలితకు అమెరికాలో ఒక పెద్ద గ్రంథాలయం ఫెలోషిప్ ఇచ్చింది. ఆ దేశపు తొలిరోజుల కాగితాలను అక్కడే కూర్చుని చదవాలట. అబుదాబిలో మంచి ఉద్యోగం వదులుకుంటోందని అబ్బాయికి కోపం. అక్కడి చలి, ఒంటరితనం తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు.

“నువ్వు వద్దంటే ఆగిపోతా నానమ్మా” అంది.

“అంతగా ఏముందే ఆ కాగితాల్లో?”

“తెల్లవాళ్ల ఓడలు రాకముందు నుంచీ అక్కడున్నవాళ్ల పేర్లు. వాళ్లెవరని అడిగినవాళ్లే తక్కువ.”

అబుదాబిలో మీరు పనిచేసిన రోజుల్లో, మఫ్రఖ్ కార్మికుల క్యాంపులో కొత్తగా దిగిన ప్రతి కుర్రాణ్నీ “ఏ ఊరు, ఎవరబ్బాయివి?” అని అడిగే మీరు గుర్తొచ్చారు.

వెళ్లిరమ్మన్నాను. ఆవకాయ మాత్రం కట్టివ్వలేదు. నూనె చేత్తో ముట్టుకుంటే ఆ పేర్లు చెరిగిపోతాయేమోనని నా భయం.