మేడారంలో ఉండగా వచ్చిన ముప్పై మార్కులు

శ్రీయుత ప్రిన్సిపాల్ గారి సముఖమునకు,
నర్సింగ్ కళాశాల.

అయ్యా,

విషయం: నా చెల్లెలు ప్రవళిక బి.ఎస్సీ. నర్సింగ్ దరఖాస్తు – ఫిజిక్స్‌లో పది మార్కులు తక్కువ పడుట – ప్రాక్టికల్ మార్కులు కలుపుకొనవలెనని కోరుట – గురించి.

నస్పూర్ నివాసిని ఎలిగేటి నవనీత, వయసు యాభై నాలుగు, దైవం మీదా తమరి మీదా భారం వేసి రాసుకొనునది. మా వాడలో నల్లా కోసం, వీధిదీపం కోసం అర్జీలు రాసేది నేనే. వీధిదీపం వచ్చింది. మార్కుల కోసం రాయడం ఇదే మొదలు. తప్పులుంటే మన్నించగలరు.

సోమవారం పొద్దున వాకిలి ఊడ్చి, పేడనీళ్ల చాన్పి చల్లి, దీపం ముట్టించాను. మమ్మల్ని కన్న అవ్వ పోశవ్వ గడప పక్కన కూర్చొని బన్ను చాయలో ముంచుకొని తింటున్నది. తమ్ముడు సదానందం ఆటో అద్దం తుడుస్తున్నాడు. ఇంట్లో అందరికన్నా చిన్నది ప్రవళిక. అది సర్టిఫికెట్లు కవరులో పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. మస్కట్ నుంచి దాని పెనిమిటి రంజిత్ ఫోన్ చేశాడు.

"సర్టిఫికెట్లు పెట్టుకున్నవా?"

"పెట్టుకున్న."

"ఫొటోలు?"

"ఉన్నయి."

"బువ్వ తిన్నవా?"

"కాలేజీకి పోయేది నేనా, నువ్వా?"

అవ్వ నవ్వింది. నేనూ ప్రవళికా తమ కళాశాలకు బయలుదేరినాము. ఇక ఫిర్యాదులు ఈ క్రింద వరుసగా పొందుపరచడమైనది.

1. ముప్పై రెండేండ్ల మనిషికి ఇప్పుడు నర్సు చదువు ఎందుకని తమ కార్యాలయంలో అడిగినారు. రెండేండ్ల కిందట మస్కట్‌లో మా మరిది రంజిత్‌కు కడుపులో ఆపరేషన్ అయింది. ఫోన్‌లో అతడు చెప్పిన మాట ఇది: "వదినా, ఈడ సిస్టర్లందరు మలయాళపోళ్లే. మంచోళ్లే. కని నొప్పి ఏడున్నదంటే నేను తెలుగుల చెప్పిన, ఆమె మలయాళంల రాసుకున్నది. ఏది కోస్తరో అని రాత్రంత దేవునికి మొక్కిన." మన జిల్లాల నుంచి అక్కడ ఇన్ని వేల మంది పనిచేస్తుండగా, వారి నొప్పిని వారి మాటల్లో వినే సిస్టరు ఒక్కరు లేరని ఆ రోజు నుంచి మా చెల్లె మనసులో పడింది. నేను దేవుని దగ్గర కూర్చుంటాను, అది పుస్తకం దగ్గర కూర్చుంటుంది.

2. తమ నిబంధన ప్రకారం ప్రతి సైన్సులోనూ విడివిడిగా సగం మార్కులు ఉండవలెను. బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీలలో దానికి సగం కన్నా చాలా ఎక్కువే ఉన్నవి. ఫిజిక్స్ థియరీలో నూట ఇరవైకి యాభై, అంటే సగానికి పది తక్కువ. ప్రాక్టికల్స్ ముప్పైకి ముప్పై ఉన్నవి, అవి కలిపితే సగం దాటుతుందని మనవి చేసుకున్నాము. తమ గుమాస్తా శ్రీహరి గారు కళ్లద్దాలు తీసి ఇట్లన్నారు: "అమ్మా, ప్రాక్టికల్స్ మేం లెక్కపెట్టం. రాష్ట్రమంత అందరికి ముప్పయ్యే అస్తయి. ఎవలన్న ఇరవై తొమ్మిది తెచ్చుకున్నోళ్లుంటె తోల్కరాండ్రి, దండేసి సీటిస్తం."

వారి మాటలో అబద్ధం లేదు. మాకు సీటూ లేదు.

3. థియరీలో తక్కువ పడుటకు కారణం. మా చెల్లె ఇంటర్ చదివిన రెండేండ్లు ఆ కళాశాలలో ఫిజిక్స్ అధ్యాపకుని పోస్టు ఖాళీ. ఆటల సారే పాఠం కూడా చెప్పినారు. న్యూటన్ మొదటి సూత్రం మైదానంలో చెప్పినారు. కదలకుండా ఉన్నది ఎవరైనా నెట్టేదాకా కదలదని పిల్లలకు బాగా అర్థమైంది. పోస్టు కూడా అట్లాగే ఉండిపోయింది, ఎవరూ నెట్టలేదు. మిగిలిన సూత్రాలకు వానలు వచ్చినవి.

4. ప్రాక్టికల్స్ గురించి. ఇది రాయకుండా ఉండవచ్చు. కానీ దీపం ముందర కూర్చొని రాస్తున్నాను గనుక రాస్తున్నాను. ఇంటర్ రెండో ఏడు ఫిజిక్స్ ప్రాక్టికల్స్ పడిన రోజు మేడారం జాతర. మేమంతా అక్కడే ఉన్నాము, ప్రవళికతో సహా. సమ్మక్క సారలమ్మలకు మా అవ్వ మొక్కుకున్న మొక్కు ఉండింది. చెల్లెను త్రాసులో కూర్చోబెట్టి దాని ఎత్తు బంగారం, అంటే బెల్లం, తూచి ఇచ్చినాము. మళ్లీ పరీక్ష పెడతారేమో అడుగుదామని అనుకుంటుండగా, కళాశాల అటెండరు పర్శరాములు తల్లుల గద్దెల దగ్గరే ఎదురుపడినాడు. తలనీలాలు ఇచ్చి వస్తున్నాడు. నడుముకు ల్యాబ్ తాళంచెవులు ఉన్నవి.

"పరీక్ష ఎట్ల పర్శరాములన్నా?" అని చెల్లె ఏడుపు ముఖం పెట్టింది.

"తాళంచెవులు ఈడున్నయి, నువ్వు ఈడున్నవు. ఇగ ఆడ పరీక్ష ఎవలకు పెడ్తరు బిడ్డా? ఫికర్ జెయ్యకు, బెల్లం తీసుకో."

మెమోలో ముప్పైకి ముప్పై వచ్చినవి. ఆ రోజు కళాశాలకు వెళ్లి గేటు దగ్గర కూర్చొని తిరిగి వచ్చిన పిల్లలకు కూడా అంతే. ఎవరికీ అన్యాయం జరగలేదు. దీనిలో తప్పు ఎవరిదని నేను చెప్పలేను.

5. మా అవ్వ అభిప్రాయం కూడా నమోదు చేయవలసినదిగా కోరుతున్నది. "గవ్వి సార్లేసిన మార్కులు గావు, తల్లులిచ్చినయి. గా కాలేజోళ్లు లెక్కపెట్టం అనెటందుకు ఎవలు?" ఈ అంశం మీద తమ నిబంధనలలో ఏమీ కనబడలేదు.

6. పాత పరీక్ష మళ్లీ రాయడానికి గడువు ఎప్పుడో దాటింది. వచ్చే ఏటికి తమ నోటిఫికేషన్‌లోని వయసు హద్దు కూడా దాటుతుంది. ప్రవళికకు ఇదే ఆఖరు సంవత్సరం. ఇంటికి వచ్చే దారిలో అది సర్టిఫికెట్లు మళ్లీ తీసింది, పెట్టింది. నేను లోపల నామం చెప్పుకుంటూ వచ్చాను. నామం మధ్యలో రెండుసార్లు ఫిజిక్స్ వచ్చింది.

కనుక సదరు ముప్పై మార్కులను కలుపుకొని సీటు దయచేయగలరని ప్రార్థన.

పైన రాసినదంతా మధ్యాహ్నం రాసినది. సాయంత్రం ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. రంజిత్ ఫోన్‌లో విన్నాడు.

సదానందం అన్నాడు: "అక్కా, నువ్వు రాసింది అర్జీయా, పంచనామానా? నాలుగో నంబరు కొట్టెయ్యి."

"ముప్పై ఎట్ల వచ్చినయని అడిగితే?" అన్నాను.

"ఇన్నేండ్లల ఎవలన్న అడిగిండ్రా?"

"తల్లుల పేరు కొట్టేస్తవారా?" అని అవ్వ లేచింది. "అయిదో నంబరు కొట్టేసుకో, నా మాట నాకద్దు. నాలుగు ముట్టుకోకు."

"జర ఆగుండ్రి, మీరు అందరు మాట్లాడవట్టిరి, గామె మాట్లాడుతలేదు," అని ఫోన్ లోంచి రంజిత్.

అప్పుడు ప్రవళిక మాట్లాడింది. "పెద్దక్కా, గా ముప్పై నాకద్దు. వాళ్లనే తీసేసుకోమను. గా ప్రాక్టికల్ ఏదో ఇప్పుడు పెట్టమను. ఎన్ని అస్తె గన్ని కలుపుమను."

సదానందం కాగితం మీద లెక్క చూశాడు. ఇరవై అయిదు వస్తే సగానికి సరిగ్గా అందుతుంది. ఇరవై నాలుగు వస్తే అందదు.

"ఉన్న ముప్పై పారేసి, రాని ఇరవై అయిదు కోసం ఉరుకుతవా? ఇరవై నాలుగొస్తే ఏం జేస్తవ్?"

"ఇంట్ల ఉంట. రేపు ఎవలకన్న సూది గుచ్చాల్సి అస్తె గప్పుడు నా చెయ్యే గుచ్చాలె. తల్లులు అచ్చి గుచ్చుతరా?"

"పిలిస్తె అస్తరు," అన్నది అవ్వ.

"అస్తరవ్వా. కని చెయ్యి నాదే ఉండాలె గద."

అవ్వ సరేనన్నది. సదానందం అనలేదు, కానీ ఆటోలో తానే దింపుతానన్నాడు. రంజిత్ లైన్ కట్ అయింది. మళ్లీ చేసి తానూ సరేనన్నాడు.

కావున పై కోరికను ఈ విధముగా సవరించడమైనది. ఆ ముప్పై మార్కులను తమరు పరిగణించవద్దు. బదులుగా తమ ల్యాబ్‌లో, తమ అధ్యాపకుల ఎదుట, ప్రవళికకు ఫిజిక్స్ ప్రాక్టికల్ ఒకటి పెట్టి, వచ్చినన్ని కలిపి, తరువాత ఏది న్యాయమో అది చేయగలరు. ల్యాబ్ తెరిచి ఉండే రోజున పెట్టవలసినదిగా మనవి. ఇంతకన్నా కోరడానికి మాకు నోరు లేదు. తీరిక చూసుకొని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఎలిగేటి నవనీత,
నస్పూర్.

మరొక్క మాట. పరీక్ష రోజు నేను వెంట వస్తానంటే ప్రవళిక వద్దన్నది. "నువ్వస్తే వాళ్లు అడగనివి గూడ చెప్తవ్ పెద్దక్కా," అన్నది. ఇంట్లో అందరూ, మా అవ్వతో సహా, దీనికి ఒప్పుకున్నారు. కనుక తేదీ ఖాయమైతే దాని నంబరుకే తెలుపగలరు. నాకు చెప్పనవసరం లేదని తీర్మానం అయింది.