సగం బిళ్ల

ఉత్తర సముద్రం, చమురు బావి మీద నుంచి

ప్రియమైన ఐలీన్‌కి,

ఇక్కడ ఫోను దగ్గర పదిమంది చెవులప్పగించి కూర్చుంటారు, అందుకే రాస్తున్నాను. క్రితం సెలవులో తాగిన, నువ్వు ఇంట్లో కాచిన బీరు రుచి ఇంకా నాలుక మీదే ఉంది. నేను కాచినప్పుడల్లా ఆసుపత్రి కట్టు కంపు కొట్టేది. నీ పీపాలో ఆ కంపే లేదు. సింకు కింద బొగ్గు ఫిల్టరు కూడా కొత్తగా కనబడింది. రెంచీ ఎటు పట్టుకోవాలో తెలియనిదానివి, ఎవరు బిగించారు?

నీ కెన్నెత్

---

అబర్డీన్

ప్రియమైన అనుమానాల పుట్టా,

బీరు బాగుంటే తాగాలి గానీ ఇలా ఆరా తీస్తారా ఎవరైనా? కాచే ముందు కుళాయి నీళ్లలో సగం బిళ్ల పొడిచేసి కలిపాను, అంతే. నీళ్ల వాసన విరిచే బిళ్ల, బీరు సామాన్ల షాపులోనే దొరుకుతుంది. ఫిల్టరంటావా, ఒకళ్లు సాయం చేశారు. పేరు చెప్పనని మాటిచ్చాను. మొన్నటి గాలివానకి దొడ్డి కంచె పడిపోయింది, వచ్చి నిలబెట్టు.

నీ ఐలీన్

---

ఐలీన్‌కి,

‘ప్రియమైన’ అని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఒకళ్లంటే ఎవరు? పక్కింటి శీనా వాళ్లాయన నా షిఫ్టే. నేనిటు రాగానే టోపీ ముఖం మీదికి లాక్కుని ఎవడో మన దొడ్డిదారిన వస్తున్నాడని శీనా రాసిందట. భోజనాల దగ్గర అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు. నిద్ర పట్టి చావడం లేదు. వాడి పేరు రాయి. లేదంటే ఈ సెలవుకి ఇంటికి రాను, అక్క దగ్గరికి పోతాను.

కెన్నెత్

---

ప్రియమైన మూర్ఖుడికి,

ఆ ‘ఎవడో’ మీ నాన్న.

మాట తప్పాను, ఆయనకి నేను సర్దిచెప్పుకుంటాలే. మీ అమ్మ అంత్యక్రియల రోజు వచ్చినవాళ్లకని ఆయన కాచిన బీరు, కంపు కొడుతోందని అందరి ముందూ సింకులో పారబోశావు. ఆనాటి నుంచీ మీకు మాటల్లేవు. ఆ కంపెక్కడిదో తెలిసేదాకా ఆయన మనసు ఊరుకోలేదు. ఊరి నీళ్లలో కలిపే క్లోరిన్ రకం మారిందట. పాతదైతే నీళ్లని రాత్రంతా మూత తీసి ఉంచితే పోయేది. కొత్తది పోదు, సగం బిళ్ల పడాల్సిందే. మూత తీసి పెట్టడం నీకు నేర్పిందీ ఆయనే కదా! నువ్వూ అదే చేశావు, నీ బీరూ అలాగే కంపు కొట్టింది. నిన్ను మాత్రం ఎవరూ నలుగురిలో అవమానించలేదు.

“వాడి బీరు బాగుపడాలమ్మా. నా పేరు చెప్పకు, చెబితే అదీ పారబోస్తాడు” అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

ఈసారి నువ్వు హెలికాప్టర్ దిగే చోటికి నేను రావడం లేదు. కారు తాళాలు మీ నాన్నకిచ్చాను. దారిలో ముందు నోరు విప్పాల్సింది నువ్వే. ఆయన్ని క్షమాపణ అడక్కుండా వస్తే తలుపు తీయను.

నీ ఐలీన్