కోడిని కోసి మళ్ళీ ఎత్తిన కొక్కెం గురించి

శ్రీయుత కార్ఖానాల తనిఖీ అధికారి గారి సముఖమునకు, బెంగళూరు.

అయ్యా,

విషయం: నా కుడికాలిని నుజ్జు చేసిన కొక్కెమును, అది నా తోటి కార్మికుడు గంగన్న కాలు కూడా తినకమునుపే నిలిపివేయించుట గురించి.

పీణ్య పారిశ్రామికవాడలో ప్రెస్ షాపు కార్మికుడు రామాంజినప్ప వ్రాసుకొను మనవి.

1. మా షాపులో ఇనుప అచ్చులను గొలుసు కొక్కేనికి తగిలించి ఎత్తెదరు. కొక్కెం నోరు మూసే రేకు విరిగినందున, యజమాని లక్ష్మీనారాయణ గారు కొత్తది తెప్పించక కట్టుతీగ చుట్టించినారు. తీగ తెగింది. అచ్చు నా కాలి మీద పడింది. ఎముక ప్యాంటు చించుకొని బయటికొచ్చి నన్నే చూసింది. మడమ కండ బూటులోనే ఉండిపోయింది.

2. ఆసుపత్రిలో నా తొడ కండను చర్మముతో, రక్తనాళముతో సహా కోసి తెచ్చి మడమకు వేసినారు. భూతద్దంలో చూస్తూ, వెంట్రుక కన్నా సన్నని దారంతో నాళానికి నాళం కుట్టినారు. అందులో రక్తం గడ్డకట్టగా విప్పి మళ్ళీ కుట్టినారు. నర్సు జెస్సికా వచ్చి ఆ కండను సూదితో పొడిచేది. ఎర్రగా కారితే బతికినట్టు, నల్లగా కారితే చచ్చినట్టు.

"ఇంక నా తొడను నేనే తొక్కుకుంటా నడవాలన్నమాట" అన్నాను.

"నవ్వకండి అన్నా, కాలు కదులుతుంది. ఈసారి కుట్టు తెగితే కాలే తీసేస్తారు" అంది.

3. "ఇతడు ఎగతాళి మనిషి, ఆటకు కాలు పెట్టినాడు" అని యాజమాన్యం తమరికి జవాబిచ్చినదట. ఎగతాళి మనిషినే. మేనేజరు టోపీలో దురదగొండి నూగు పోసింది నేనే. అయితే సొంత కాలు నలగ్గొట్టుకొని నవ్వించేంత కళ నాకు అబ్బలేదు.

4. మరుసటి శుక్రవారం కొక్కెం కింద కోడిని కోసినారు. నా రక్తం ఆరని నేల మీదే దాని రక్తం.

"దిష్టి పోయిందప్పా, ఎత్తు" అన్నారట యజమాని.

"సార్, మళ్ళీ తీగే చుట్టి ఉండాదే?" అన్నాడట గంగన్న.

"తీగకూ కుంకుమ పెట్టినాం కదప్పా."

కావున తమరు స్వయముగా వచ్చి, తీగను కళ్ళారా చూచి, గొలుసుకు సీలు వేయించ ప్రార్థన. గంగన్న బక్కవాడు. కోసి తెచ్చి అతికేంత కండ వాని తొడలో లేదని చిత్తగించవలెను.

తమ విధేయుడు, ప్రస్తుతం ఒంటికాలి మీద,
రామాంజినప్ప

తా.క.: ముందటి అర్జీలకు తమరు కదల్లేదు. అందుకే నిన్న ఊతకర్రలతో షాపులో పూజకు పోయి, "కొక్కెం కడిగి దేవుని ముందు పెడదాం సార్" అన్నాను. యజమానే గొలుసు నుంచి విప్పించి చేతికిచ్చినాడు. సంచిలో వేసుకొని వచ్చేసినాను. తీగ సంగతి బయటపడుతుందని దొంగతనం కేసు పెట్టేందుకు అతను వెనకాడుతున్నాడని తెలిసి, స్టేషనుకు నేనే ఫోను చేసినా. కాలు నలిగిన నాడు రాని పోలీసులు, కొక్కెం పోయిందనగానే మా ఇంటికి బయలుదేరినారు. తీగ విప్పకుండా ఉంచినా. తమరూ వచ్చేయండి సార్.